రాత లెక్కకు తెలుగు దారి

సెప్టెంబరు దాటిందంటే మిడిల్ స్కూల్ పిల్లలున్న మన ఇళ్లలో ఒకటే మాట. "మీవాడు మ్యాథ్‌కౌంట్స్‌కి వెళ్తున్నాడా? ఏఎంసీ 8 రాయిస్తున్నారా? కోచింగ్ ఎక్కడ?" ఇండియన్ స్టోర్లో కరివేపాకు ఏరుకుంటూ ఒకరు అడుగుతారు, గుళ్లో ప్రసాదం వరసలో మరొకరు అడుగుతారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం కాబట్టి ఈ ప్రశ్నలు తప్పించుకోవడం కష్టం. నన్నయితే ఇంకాస్త ఎక్కువగా అడుగుతారు. ఆరేళ్లుగా శనివారం ఉదయాల్లో లైబ్రరీ గదిలో పది, పన్నెండు మంది పిల్లలను కూర్చోబెట్టుకుని లెక్కలు చేయిస్తున్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. చదువు తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో.

ఏ పుస్తకం కొనాలి, ఏ క్లాసులో చేర్చాలి అని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పే మొదటి మాట విని చాలామంది హాస్యమాడుతున్నాననుకుంటారు. "ఈ వారం నుంచి మీ పిల్లతో రోజుకొక రాత లెక్క తెలుగులో చెప్పించండి. చేయించక్కర్లేదు, చెప్పిస్తే చాలు."

ఎందుకో చెప్పే ముందు, కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం ఈ పోటీల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఏఎంసీ 8 ఎనిమిదో తరగతి, అంతకంటే కింది తరగతుల పిల్లల కోసం మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా పెట్టే పరీక్ష. 40 నిమిషాల్లో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. క్యాలిక్యులేటర్ లేదు, తప్పుకు మార్కు కోతా లేదు. మ్యాథ్‌కౌంట్స్ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లది. చాప్టర్, రాష్ట్రం, జాతీయం అని మెట్లుంటాయి, రాష్ట్రానికి నలుగురు చొప్పున జాతీయ పోటీకి వెళ్తారు. అందులో స్ప్రింట్ రౌండ్ అంటే 40 నిమిషాల్లో 30 ప్రశ్నలు, అదీ క్యాలిక్యులేటర్ లేకుండా. సగటున ఒక్కో లెక్కకు 80 సెకన్లు. టార్గెట్ రౌండ్లో ప్రశ్నలు రెండేసి చొప్పున ఇస్తారు, జతకు ఆరు నిమిషాలు. అక్కడ క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు. చూడటానికి సరదాగా ఉండేది కౌంట్‌డౌన్ రౌండ్. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి బజర్ నొక్కి జవాబు చెప్పాలి. గడువు 45 సెకన్లు.

ఈ పోటీల్లో జామెట్రీ ఉంటుంది, లెక్కింపులు, సంభావ్యత ఉంటాయి. అయినా మన పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది రాత లెక్కల్లోనే అని నా అనుభవం. సమీకరణం రాసిస్తే గబగబా సాధిస్తారు. అదే సమీకరణం నాలుగు వాక్యాల కథలో దాక్కుని వస్తే పెన్సిల్ ఆగిపోతుంది.

ఒక చిన్న ఉదాహరణ. "ఫైవ్ లెస్ దేన్ ట్వైస్ ఎ నంబర్ ఈజ్ సెవెన్టీన్." ప్రతి సంవత్సరం మొదటి వారం ఈ లెక్క ఇస్తాను, ప్రతి సంవత్సరం కనీసం ముగ్గురు 5 – 2ఎక్స్ = 17 అని రాస్తారు. వాళ్లది బద్ధకమేమీ కాదు. ఇంగ్లీషు వాక్యంలో మాటలు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో దించేశారు. ముందు అయిదు వినిపించింది, ముందు అయిదు రాశారు. అదే పిల్లవాడిని తెలుగులో చెప్పమంటే, కాస్త తడుముకుని, "ఒక నంబర్‌కి డబుల్ కంటే అయిదు తక్కువ... సెవెన్టీన్" అంటాడు. ఇప్పుడు రాయమనండి. నంబర్, దానికి డబుల్, అందులో అయిదు తక్కువ, అది 17. అంటే 2ఎక్స్ – 5 = 17. ఎక్స్ విలువ 11. తెలుగు వాక్యం ఏ వరసలో నడిచిందో బీజగణితం కూడా అదే వరసలో నడిచింది.

ఇది ఒక్క లెక్కతో కుదిరిన విచిత్రం కాదు. ఇంగ్లీషులో "సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రమ్ ట్వెల్వ్" అంటే ముందు అయిదు, తర్వాత పన్నెండు. మనం "పన్నెండులోంచి అయిదు తీసెయ్" అంటాం, రాసేదీ 12 – 5. మన భాషలో కు, లోంచి, కంటే లాంటివి పేరు వెనక వచ్చి చేరతాయి. దేనికి, దేనిలోంచి, దేనికంటే అన్నది ముందే తేలిపోతుంది, ఆ తర్వాతే దాన్ని ఏం చేయాలో వస్తుంది. ఈ వరస తెలుగుకు కొత్తగా ఎవరో నేర్పింది కాదు, అమ్మమ్మ కూర చెప్పినా ఇలాగే చెబుతుంది.

పెద్దవాళ్లూ ఇదే తిరకాసులో పడతారని తేల్చిన పరిశోధన ఒకటుంది. క్లెమెంట్, లాక్‌హెడ్, మంక్ అనే ముగ్గురు 1981లో ప్రచురించారు. ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్ల కంటే ఆరు రెట్లు విద్యార్థులున్నారు, దీనికి సమీకరణం రాయండి అని ఇంజినీరింగ్ మొదటి ఏడాది వాళ్లను అడిగారు. మూడో వంతుకు మించి తప్పు రాశారు. ఎక్కువ మంది రాసిన తప్పు ఒకటే: 6వి = ప్రొ. ఇంగ్లీషులో "సిక్స్ టైమ్స్ యాజ్ మెనీ స్టూడెంట్స్" అని ఆరు పక్కనే స్టూడెంట్స్ ఉంటే, చెయ్యి కూడా ఆరు పక్కనే వాళ్లను రాసేస్తుంది. తెలుగులో "ప్రొఫెసర్లకు ఆరు రెట్లు విద్యార్థులు" అనండి. ఆ "కు" ప్రొఫెసర్లను పట్టుకుని ఆరు పక్కన నిలబెడుతుంది. 6ప్రొ = వి. మా క్లబ్బులో పిల్లలు దీన్ని "కు రూల్" అంటారు. పేరు వాళ్లే పెట్టుకున్నారు.

డైమ్ అంటే ఏంది ఆంటీ?

గత ఏడాది ఆగస్టులో మిర్యాలగూడ నుంచి ఒక కుటుంబం మా వీధికి వచ్చింది. బాబు ఏడో తరగతిలో చేరాడు. స్కూల్లో పెట్టిన ప్లేస్‌మెంట్ పరీక్షలో రాత లెక్కలన్నీ వదిలేశాడు. దాంతో అడ్వాన్స్‌డ్ మ్యాథ్ కాకుండా మామూలు మ్యాథ్‌లో వేశారు. కొత్తవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ కాదు. ఇక్కడ ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా 1 అయిపోతే, ఆపై జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్ వరసగా వచ్చి పన్నెండో తరగతికి కాల్క్యులస్ అందుతుంది. ఒక ఏడాది వెనకబడితే ఆ గొలుసంతా ఒక ఏడాది జరుగుతుంది, లేదంటే వేసవి సెలవుల్లో కూర్చుని అందుకోవాలి.

తండ్రి అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. "మావాడికి లెక్కలు పట్టుబడవనుకుంటా మేడమ్. అక్కడ ఎనభైలు తొంభైలు ఎట్లొచ్చినయో ఏమో." ఆ మాట బాబు పక్కన ఉండగానే అన్నాడు. వాడు తల వంచుకుని బూటు లేసు సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఆ శనివారం బోర్డు మీద ఉన్న లెక్క నాణేలది. నికెల్స్, డైమ్స్ కలిపి 20 నాణేలు, మొత్తం విలువ డాలరు 40 సెంట్లు, డైమ్స్ ఎన్ని? మిగతావాళ్లంతా గీస్తున్నారు. వీడు కాగితం ఖాళీగా పెట్టుకుని కాసేపు చూసి, నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు, "డైమ్ అంటే ఏంది ఆంటీ?"

నిజానికి ఆ నాణెం చూసినా తెలియదు. డైమ్ మీద పది సెంట్లని ఎక్కడా ఉండదు, "వన్ డైమ్" అని మాత్రమే ఉంటుంది. పైగా అయిదు సెంట్ల నికెల్ కంటే పది సెంట్ల డైమే సైజులో చిన్నది. కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఏ దారిలో తెలియాలి? ఫోన్‌తోనే డబ్బులు కట్టే ఇళ్లలో పుట్టిన పిల్లలక్కూడా ఈ మధ్య నాణేలు సరిగా తెలియడం లేదు, అది వేరే సంగతి.

వాడికి వేరే లెక్క చెప్పాను. "దొడ్లో కోళ్లు, మేకలు కలిపి 20 తలకాయలు. కాళ్లు 56. మేకలెన్ని?" కళ్లు పైకెత్తి, పెదవులు కదిపి, అరనిమిషం కాకముందే "ఎనిమిది" అన్నాడు. ఎలా అంటే, "అన్నీ కోళ్లే అనుకుంటే నలభై కాళ్లు. పదహారు ఎక్కువున్నయి. మేక ఒక్కోదానికి రెండు ఎక్కువ గదా, ఎనిమిది." అప్పుడు పర్సులోంచి నికెల్, డైమ్ తీసి బల్ల మీద పెట్టాను. ఇది అయిదు సెంట్లు, ఇది పది. వాడు రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నీ నికెల్సే అయితే వంద. నలభై ఎక్కువుంది. డైమ్‌కి అయిదు ఎక్కువ. ఇదీ ఎనిమిదే, అదే లెక్క" అని నవ్వాడు. క్లబ్బులో ఆరోజు ఆ లెక్క మొదట పూర్తి చేసింది వాడే. మిగతా పిల్లలు రెండు సమీకరణాలు రాసి, ఒకదాన్ని అయిదుతో హెచ్చించే పనిలో ఉన్నారు.

వాడికి తెలియనిది లెక్క కాదు, ఊరు. మైలుకు ఎన్ని అడుగులు, గాలన్‌కు ఎన్ని క్వార్టులు, పేక కట్టలో ఎన్ని ముక్కలు, ఫుట్‌బాల్‌లో టచ్‌డౌన్‌కు ఎన్ని పాయింట్లు, ఇవేవీ ప్రశ్నలో చెప్పకపోవచ్చు. ఇక్కడ పెరిగినవాళ్లకు గాలిలో అందే విషయాలివి. మా నాన్నగారి తరం అణాలు, కాణీల్లో లెక్కలు చేసింది. 1957లో నయాపైసలు వచ్చాక పుట్టిన వాళ్లకు ఆ పాత పుస్తకం ఇస్తే అచ్చం ఈ బాబులాగే కూర్చుంటారు. వాడి తల్లితో కలిసి ఒక నోట్‌బుక్ మొదలుపెట్టించాను. రోజూ ఎదురైన ఇలాంటి మాటలు ఎడమవైపు, వాటికి తెలుగులో అర్థం కుడివైపు. "ఈచ్" అంటే ఒక్కోటి, "కన్సెక్యుటివ్" అంటే వరసగా వచ్చేవి, "ఎట్ లీస్ట్" అంటే అంతకు తగ్గకుండా.

ఆవిడ మొదట వెనకాడింది. "నాకు ఇంగ్లీషు అంత రాదు అక్కా. వాడికి లెక్కలు నేనేం చెప్తా?" చెప్పక్కర్లేదు, వినండి చాలు అన్నాను. వాడు ఇంగ్లీషు ప్రశ్న చదివి మీకు తెలుగులో చెప్పాలి. మీకు అర్థమైతే వాడికి అర్థమైనట్టు. మీకు కథ పొసగకపోతే "అదెట్లరా?" అని అడగండి.

డిసెంబరు నాటికి ఆ ఇంట్లో రోజూ వంట వేళ అదే తంతు. మే నెలలో మళ్లీ పరీక్ష పెట్టమని తండ్రి కాదు, తల్లే స్కూలుకు వెళ్లి, రాసుకెళ్లిన కాగితం చూసి చదివి అడిగింది. పెట్టారు. ఈ ఏడాది ఆ బాబు ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా 1 చదువుతున్నాడు. ఫిబ్రవరిలో చాప్టర్ పోటీలో మాత్రం మధ్యలో ఎక్కడో నిలిచాడు. దానికి ఇంట్లో ఎవరూ బాధపడలేదు.

కీవర్డ్ పట్టికలతో జాగ్రత్త

కొన్ని కోచింగ్ కాగితాల్లో ఒక పట్టిక చూస్తుంటాను. "మోర్" అంటే కూడిక, "లెస్" అంటే తీసివేత, "ఆఫ్" అంటే హెచ్చవేత. ఈ పట్టిక నాకు ససేమిరా గిట్టదు. "అక్క దగ్గర 12 గోళీలున్నాయి. తమ్ముడి కంటే అక్కకు 5 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని?" పట్టిక ప్రకారం "ఎక్కువ" అని ఉంది కాబట్టి కూడితే 17. కథ విన్న ఎవరైనా 7 అంటారు. పోటీ ప్రశ్నలు తయారు చేసేవాళ్లకు ఈ పట్టిక సంగతి పిల్లలకంటే బాగా తెలుసు.

ఇక సమీకరణమా, నోటి లెక్కా అన్న ప్రశ్న ఒకటి తల్లిదండ్రుల మధ్య తెగ నడుస్తుంది. నాకైతే రెండూ కావాలి, కానీ వరస ముఖ్యం. వయసుల లెక్క ఒకటి చూడండి. నాలుగేళ్ల కిందట తల్లి వయసు కొడుకు వయసుకు ఏడు రెట్లు. ఇంకో నాలుగేళ్లకు మూడు రెట్లు అవుతుంది. ఇప్పుడు ఇద్దరి వయసులెంత? సమీకరణాలతో చేయొచ్చు: త – 4 = 7(కొ – 4), త + 4 = 3(కొ + 4). సాధిస్తే కొడుకు 8, తల్లి 32. తప్పేం లేదు. కానీ కథను ఒకసారి చెప్పుకున్న పిల్ల ఇంకో విషయం పట్టుకుంటుంది. ఎన్నేళ్లు గడిచినా ఇద్దరి మధ్య తేడా మారదు. అప్పుడు ఆ తేడా కొడుకు వయసుకు ఆరు రెట్లు, తర్వాత రెండు రెట్లు. అంటే ఈ ఎనిమిదేళ్లలో కొడుకు వయసు మూడింతలయింది. నాలుగు పన్నెండయింది. ఇప్పుడు ఎనిమిది. ఇలా చేస్తే 80 సెకన్లలో సగం మిగులుతుంది.

అలాగని చిట్కాల మీదే బండి నడవదు. అంకెలు వంకరగా ఉన్నప్పుడు, మూడు తెలియని సంఖ్యలు వచ్చినప్పుడు సమీకరణమే దిక్కు. అది రాయడం చేతకాని పిల్లకు చిట్కాలు నేర్పితే ఎనిమిదో తరగతి దాటాక చేతిలో ఏమీ మిగలదు.

ఇంకో గోతిలో బాగా తెలివైనవాళ్లే పడతారు. మూడు నోట్‌బుక్‌లు, రెండు పెన్నులు కలిసి 19 డాలర్లు. రెండు నోట్‌బుక్‌లు, మూడు పెన్నులు 16 డాలర్లు. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను కలిపి ఎంత? చాలామంది నోట్‌బుక్ 5, పెన్ను 2 అని విడివిడిగా తేల్చి, ఆ హడావిడిలో 5 దగ్గరే ఆగిపోతారు. అడిగింది రెండూ కలిపి. రెండు వాక్యాలూ కూడితే అయిదు జతలకు 35 డాలర్లు, జత 7. విడదీయాల్సిన పనే లేదు. కౌంట్‌డౌన్ రౌండ్లో ప్రశ్న పూర్తిగా చదవకముందే బజర్ నొక్కే పిల్లలు ఈ గోతిలో ఎన్నిసార్లు పడ్డారో చూశాను. వేగం గురించి మనం ఇంట్లో చెప్పే మాటలు కొంత తగ్గించుకుంటే మంచిదని నాకు అప్పుడే అనిపించింది.

తెలుగులో ఇలాంటి లెక్కలకు వెయ్యేళ్ల దగ్గర చరిత్ర ఉందని పిల్లలకు చెబితే ముందు నమ్మరు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భాస్కరాచార్యుడి బీజగణితంలో తెలియని రాశులకు రంగుల పేర్లు: కాలక, నీలక, పీతక. నలుపు, నీలం, పసుపు. మా క్లబ్బులో ఒకమ్మాయి నెలరోజుల పాటు ఎక్స్, వై బదులు "కా", "నీ" అని రాసింది. స్కూల్లో టీచరు అడిగితే ఈ కథంతా చెప్పిందట. టీచరు ముచ్చటపడి క్లాసందరికీ చెప్పించిందట.

మరి తెలుగు అంతంతమాత్రంగా వచ్చే పిల్లల సంగతేమిటని అడుగుతారు. మా క్లబ్బులో సగం మంది అలాంటివాళ్లే. తెలుగు చదవలేరు, రాయలేరు. విని అర్థం చేసుకుంటారు, తిరిగి చెప్పడానికి ఇంగ్లీషు మాటలు కలుపుకుంటారు. కలుపుకోనివ్వండి. "ఫాస్ట్ ట్రెయిన్ స్లో ట్రెయిన్ కంటే గంటకి ట్వెంటీ మైల్స్ ఎక్కువ పోతుంది" అన్నా చాలు, వాక్యం వరస మనదే కదా. కంటే, లోంచి, రెట్లు, ఒక్కోదానికి, మిగతా, చొప్పున లాంటి పది, పదిహేను మాటలు నాలుక మీద ఉంటే పని జరిగిపోతుంది. అమ్మమ్మలు, తాతయ్యలు ఆరు నెలలకని వచ్చి ఇంట్లో ఉన్నప్పుడు ఇంతకంటే మంచి కాలక్షేపం ఉండదు. పాత ప్రశ్నపత్రాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వాళ్ల ఆల్కమస్‌కు కూడా డబ్బు కట్టక్కర్లేదు. రోజుకొక లెక్క, పదిహేను నిమిషాలు. అంతకు మించి కూర్చోబెడితే పిల్ల లెక్కల మీద కంటే మన మీద విసుక్కుంటుంది.

ఈ సెప్టెంబరు నుంచి మిర్యాలగూడ తల్లి కూడా శనివారాలు మాతో కూర్చుంటోంది. మొన్న వారం, నేను ఒక ప్రశ్న పెట్టమంటే, లేచి నిలబడి తెలుగులోనే చెప్పింది. ఇడ్లీ పిండికి మినప్పప్పు ఎన్ని గ్లాసులైతే ఇడ్లీ రవ్వ దానికి రెండున్నర రెట్లు, రెండూ కలిపి 14 గ్లాసులు, రవ్వ ఎంత? పన్నెండు మంది పిల్లలు రాశారు. తొమ్మిది మంది 10 అన్నారు. ఇద్దరు 4 అన్నారు, ఒకడు ఇడ్లీలు ఎన్ని వస్తాయో లెక్కేస్తున్నాడు. ఆవిడ ఆ ఇద్దరి కాగితాలూ తీసుకుని చూసి, "పప్పు అడగలేదు నాయనా, రవ్వ అడిగిన" అంది.